ఇంటికి పోతా అన్నందుకు

నాకు కోపం తగ్గలేదు. తగ్గాలని కూడా నాకు లేదు. ప్రతి ఆదివారం చర్చి నుంచి నడిచి వస్తూ మా అమ్మ ఒకటే మాట అంటుంది: "మాఫ్ చేసెయ్ బిడ్డా, నీ పానానికే మంచిది." మాఫ్ చేయాలంటే ముందు అవతలివాళ్లు తప్పు చేశామని అనాలి కదా. ఎవరూ అనలేదు. డాక్టర్ అనలేదు, ఆ పేషెంట్ అన్న అనలేదు, నాకు పని నేర్పిన ఇన్‌చార్జ్ సిస్టర్ కూడా అనలేదు.

మాది పాతబస్తీలో హుస్సేనీ ఆలం. బాపు బస్సు డిపోలో మెకానిక్‌గా పనిచేసి రిటైర్ అయ్యాడు. నేను నర్సింగ్ చదివి, ఆపైన మానసిక రోగుల నర్సింగ్‌లో డిప్లొమా చేశాను. మా వీధిలో నా ఉద్యోగానికి ఒకటే పేరు, పిచ్చి దవాఖాన నౌకరీ. ఇంటికి నడిచి పోయేంత దూరంలో ఉన్న మూడంతస్తుల ప్రైవేటు ఆస్పత్రి అది. ఆడవాళ్ల వార్డు రెండో అంతస్తులో ఉండేది. మెట్ల దగ్గర ఇనుప గ్రిల్, దానికి తాళం.

సొంత బస్తీలో ఈ పని చేయడం ఎంత కష్టమో బయటివాళ్లకు తెలియదు. కూరగాయల బండి దగ్గర ఒకామె చెయ్యి పట్టుకుంటుంది. "ఏమ్మా, గా టైలర్ కోడలు మీ దవాఖానల్నే ఉన్నదంటగద?" నాకు తెలియదంటే నమ్మదు. "మాకు చెప్తే ఏం పోతది? మేమేమన్న బయటోళ్లమా?" చెప్తే చాలా పోతుంది. ఆ కోడలు మళ్లీ ఇదే బండి దగ్గర వంకాయలు ఏరుకోవాలి. అందుకే వార్డులో విన్నది వార్డులోనే వదిలేసి వచ్చేదాన్ని. మా ఇంట్లో కూడా ఎవరూ అడిగేవాళ్లు కాదు. అడిగినా చెప్పనని వాళ్లకు అలవాటైపోయింది.

నేను చెప్పబోయే మనిషి మా ఆస్పత్రికి తనంతట తానే వచ్చింది. ఆటో దిగి, భుజానికి సంచి తగిలించుకుని, కింద కౌంటర్ దగ్గర నిలబడింది. వెంట ఎవరూ లేరు. సంచిలో రెండు నూలు చీరలు, సబ్బు, దువ్వెన, టవల్ సర్దుకుని తెచ్చుకుంది. వయసు నలభైకి అటూ ఇటూ ఉంటుంది. చార్మినార్ దగ్గర ఒక ముత్యాల దుకాణానికి దండలు గుచ్చేది. పెళ్లయిన కొత్తలోనే మొదటిసారి జబ్బు చేస్తే, భర్త పుట్టింటికి పంపించి మళ్లీ పిలవలేదు. అప్పటినుంచి అన్నావదినల దగ్గర, మొఘల్‌పురాలో తండ్రి కట్టిన ఇంట్లో ఉంటోంది. అన్న ఒక చిన్న గుడిలో అర్చకుడు.

"సిస్టర్, నాకు మళ్ల మొదలైతుంది," అంది. మాటలు ఒకదాని మీద ఒకటి పడుతున్నాయి. "నిద్ర పడ్తలేదు. నోరు ఆగుతలేదు. దుకాణానికొచ్చిన గిరాకీలతోటి లొల్లి పెట్టుకుంటున్న. దండలల్ల గుచ్చే పచ్చరాళ్లు నా తోటి మాట్లాడుతున్నట్టు అనిపిస్తుంది. ముందటిసారి గిట్లనే అయితే మా అన్న కాళ్లు చేతులు పట్టుకోని తెచ్చిండు. గల్లీ అంత చూసింది. ఈసారి గట్ల వద్దని నేనే వచ్చిన."

ఈ పనిలో ఎంతోమందిని చూశాను. జబ్బు ముంచుకొస్తోందని తనే గుర్తుపట్టి, దానికంటే ముందు ఆస్పత్రికి చేరిన మనిషి అరుదు. తుఫాను వస్తుంటే తన ఇంటి కిటికీలు తనే మూసుకున్నట్టు వచ్చింది.

చేర్చుకునేటప్పుడు ఆమె ఒక్కటే అడిగింది. "నాకు మంచిగయినంక పోతా అంటే పోనిస్తరా?"

"పోనిస్తరక్కా. నీ అంతట నువ్వొచ్చినవ్, నీ అంతట నువ్వే పోతవ్. కానూన్ గట్లనే ఉన్నది," అన్నాను.

నేనేమీ కల్పించి చెప్పలేదు. కొత్త చట్టం వచ్చాక మా అందరినీ కూర్చోబెట్టి క్లాసు చెప్పారు. ఇష్టపడి చేరిన మనిషి పోతానంటే పంపించాలి. ప్రమాదముందని డాక్టర్‌కు గట్టిగా అనిపిస్తే ఒక్క రోజు ఆపి పరీక్షించవచ్చు. ఆ తర్వాత కూడా ఉంచాలంటే దానికి వేరే పద్ధతి ఉంది, వేరే కారణాలు చూపించాలి. మనిషిని ఊరికే కట్టేయకూడదు. ఫోన్ అడిగితే ఇవ్వాలి. క్లాసు చెప్పింది మా డాక్టరే. చక్కగా, అందరికీ అర్థమయ్యేలా చెప్పాడు. ఇప్పటికీ నాకు మండేది అక్కడే. తెలియక చేసినవాడైతే తెలియదనుకుని ఊరుకునేదాన్ని.

మందులు ఆమెకు బాగా పనిచేశాయి. మొదటి వారం వార్డంతా తిరుగుతూ అందరికీ జడలు వేసింది, అందరితో పోట్లాడింది, ఒకసారి అన్నం పళ్లెం కిటికీ మీద పెట్టి కాకులను పిలిచింది. తర్వాత మెల్లగా మాట కుదుట పడింది. నిద్ర పట్టింది. ఒక మధ్యాహ్నం నా పక్కన కూర్చుని, ముత్యానికీ ముత్యానికీ మధ్య పట్టు దారం ఎలా ముడి వేస్తారో కుట్టు దారంతో చూపించింది. ముడి వేయకపోతే దండ తెగినప్పుడు అన్నీ దొర్లిపోతాయట. ఆ వేళ్లు వణకడం లేదని గమనించి నేను లోపల సంతోషించాను.

ఆ తర్వాత రౌండ్స్‌లో డాక్టర్‌ను అడిగింది. "సార్, ఇగ నేను పోతా." 

"చూద్దాం," అన్నాడు ఆయన. మర్నాడు మళ్లీ అడిగింది. మళ్లీ చూద్దాం అన్నాడు.

ఎందుకు చూద్దామంటున్నాడో నాకు తర్వాత అర్థమైంది. ఆమె అన్న అప్పటికే రెండు మూడుసార్లు వచ్చాడు. వచ్చినప్పుడల్లా డబ్బాలో పులిహోర తెచ్చేవాడు. మర్యాదగా మాట్లాడేవాడు, చెప్పులు బయట విడిచి లోపలికి వచ్చేవాడు. అలా వచ్చిన ఒక రోజు డాక్టర్ గదిలో నేను ఇంకో రోగి రిపోర్టులు పట్టుకుని నిలబడి ఉన్నాను. నేనున్నానని ఆయన మాట ఆపలేదు. నర్సు ఉంటే ఎవరూ మాట ఆపరు.

"మా అమ్మాయికి సంబంధం కుదిరింది, డాక్టర్ గారూ. నిశ్చితార్థం మా ఇంట్లనే. మొగపిల్లవాని తరఫు పెద్దోళ్లంత వస్తరు. అంతవరకు చెల్లె ఇక్కడనే ఉంటే అందరికి మంచిది. ఆమెకు గూడ మంచిదే. అంతమంది జనంల మళ్ల తల తిరిగితే ఏం చెయ్యాలె?"

"మీరేం ఫికర్ చేయకండి, పంతులుగారూ," అన్నాడు డాక్టర్.

అంతే. ఒక మనిషి ఎన్నాళ్లు తాళం వెనకాల ఉండాలో అంత తేలిగ్గా తేలిపోయింది. ఆమెకు జ్వరమొచ్చిందా, నిద్ర చెడిందా అన్న మాటే రాలేదు. ఇంటికి చుట్టాలొస్తున్నారు, అంతే. అలాంటి ఆస్పత్రుల్లో రోగి ఎప్పుడూ గిరాకీ కాదు, రోగిని తెచ్చినవాళ్లే గిరాకీ. ఈమెను ఎవరూ తేలేదు కాబట్టి వాళ్లకు ఒక గిరాకీ కావలసి వచ్చాడు. దొరికాడు.

పంతులు వెళ్లాక నేనన్నాను: "సర్, నిన్న రౌండ్స్‌లో ఆమె బాగుందని మీరే చెప్పారు."

"పూర్తిగా సెటిల్ కాలేదు సిస్టర్."

"పోతానని అడుగుతోంది సర్. ఆమె అంతట ఆమె వచ్చింది. రూల్ ప్రకారం..."

"రూల్ నాకు తెల్వదా? నేను చెప్తేనే గదా మీకు తెలిసింది?" నవ్వుతూనే అన్నాడు. "మీరు మందులు టైముకు ఇవ్వండి. మిగతాది నేను చూసుకుంటా."

మర్నాడు పొద్దున ఆమె స్నానం చేసి, తల దువ్వుకుని, సంచి సర్దుకుని గ్రిల్ దగ్గర నిలబడింది. "తాళం తీయండి," అంది. తాళం చెవి ఉన్న ఆయమ్మ నా వైపు చూసింది, తర్వాత ఇన్‌చార్జ్ సిస్టర్ గది వైపు చూసింది. తీయలేదు.

ఆమె గ్రిల్ పట్టుకుని ఊపింది. ఇనుము మోగింది. "నేను పోత అంటున్న! ఎవలకు చెప్పాలె? ఎవలను అడగాలె?"

ఇన్‌చార్జ్ సిస్టర్ వచ్చింది. "మెల్లగ మాట్లాడు. వార్డుల వేరే పేషెంట్లున్నరు."

"ఎందుకు మెల్లగ మాట్లాడాలె? నేనేమన్న దొంగతనం చేసిన్నా? నన్నెందుకు తాళం ఏసి పెట్టిన్రు? మా అన్న చెప్పిండని నాకు తెల్వదనుకున్నరా?"

అరిచింది. నిజమే, బాగా గట్టిగా అరిచింది. ఆమె స్థానంలో నేనున్నా అరిచేదాన్ని, ఇంకా గట్టిగా. ఎవరి మీదా చెయ్యి వేయలేదు. ఏ వస్తువూ విసరలేదు. తల కొట్టుకోలేదు. నేను ఆమెకు చేయి చాచినంత దూరంలోనే ఉన్నాను.

ఇన్‌చార్జ్ సిస్టర్ నన్ను పక్కకు పిలిచింది. "నోట్స్ రాయ్. పేషెంట్ వయొలెంట్ ఉన్నది. స్టాఫ్ మీద చెయ్యి లేపింది. తల పగలగొట్టుకుంట అన్నది."

"అనలేదు గద సిస్టర్. చెయ్యి గూడ లేపలేదు."

"సార్ చెప్పిండు. రాస్తే ఏమైతది?"

ఏమవుతుందో ఆమెకు తెలుసు. నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో, పక్కన కూర్చోబెట్టుకుని చెప్పింది ఈ మనిషే. "నువ్వు కండ్లతోటి చూసింది రాయాలె, చేతులతోటి చేసింది రాయాలె. అనుకున్నది రాయొద్దు. రేపు కోర్టుల నిలబడితే నీ రాతనే నీ నాలుక." ఆ మాట విని నాకు ఈ పని మీద గౌరవం పెరిగింది. ఆ రోజు ఆమే, ఆ చేత్తోనే, నా ముందు నుంచి కేస్ షీట్ లాక్కుని, తన అందమైన అక్షరాలతో, జరగని దాన్ని జరిగినట్టు రాసింది. రాస్తున్నప్పుడు ఎక్కడా ఆగలేదు. అలవాటైన చెయ్యి.

ఆ రాత ఎందుకంటే, ప్రమాదమనే మాట కాగితం మీద లేకపోతే ఆమెను ఉంచడానికి వీల్లేదు. ఆ మాట ఉంటే అన్న సంతకంతో ఉంచవచ్చు, వద్దన్నా సూది వేయవచ్చు, కట్టేయవచ్చు.

"ఇంజెక్షన్ లోడ్ చెయ్," అంది ఇన్‌చార్జ్ సిస్టర్.

"ఆమె వద్దంటుంది సిస్టర్. ప్రమాదమేం లేదు. నేను చెయ్య."

"పెద్ద లాయర్‌వా నువ్వు?" అని తనే చేసింది.

కింద నుంచి అటెండర్లను పిలిపించారు, మగవాళ్లను, ఆడవాళ్ల వార్డులోకి. ఆమెను మంచం మీద పడేశారు. చీర చెదిరింది. సర్దడానికి చేతులు లేవు, చేతులు వాళ్ల గుప్పిట్లో ఉన్నాయి. నేను వెళ్లి సర్దాను. పాత దుప్పటి చింపిన పేలికలతో మణికట్లు మంచం కడ్డీకి కట్టారు. సూది పడింది. అప్పటిదాకా అరుస్తున్న మనిషి అరవడం మానేసి నా వైపు తిరిగింది.

"పోనిస్తరన్నవ్ గద," అంది.

చాలా మెల్లగా అంది. ఎవరూ మెల్లగా మాట్లాడమని చెప్పకుండానే.

నేను డాక్టర్‌కు ఫోన్ చేశాను. "సర్, కట్టేయమని మీరు ఆర్డర్ ఇచ్చారా? వచ్చి చూడండి." "ఇన్‌చార్జ్ చూసుకుంటది సిస్టర్, నేను ఓపీలో ఉన్నా," అని పెట్టేశాడు. ఓపీ ఒక అంతస్తు కిందే. ఎక్కి రాలేదు.

ముడులు గట్టిగా వేశారు. ఆమె వేళ్లు ఉబ్బడం మొదలయ్యాయి. కట్టేసిన మనిషి పక్కన నర్సు ఉండాలి, రక్తం ఆడుతోందో లేదో చూడాలి, నీళ్లు తాగించాలి. అవన్నీ నాకు నేర్పారు. కట్టేయాల్సిన అవసరమే లేనప్పుడు ఏం చేయాలో నేర్పలేదు. నేను ఆ ముడులు విప్పేశాను. మందు మత్తులో ఆమె అప్పటికే కదలడం లేదు. ఇన్‌చార్జ్ సిస్టర్ గది గుమ్మంలో నిలబడి చూసింది, అడ్డు రాలేదు. జరిగింది జరిగినట్టు, కట్టిందీ విప్పిందీ, నా భాగం నేను ఆమె రాత కిందనే రాసి సంతకం పెట్టాను.

ఆమె అరిస్తే అది జబ్బు లక్షణమని రాశారు. నేను కాదంటే అది క్రమశిక్షణ లేకపోవడమని రాశారు. డాక్టర్ నా మీద ఫోన్‌లో విసుక్కున్నది మాత్రం ఎక్కడా ఎవరూ రాయలేదు.

మర్నాటికి ఆమె లేచి కూర్చుంది. నోరెండిపోయింది, మాట ముద్దగా వస్తోంది. మణికట్ల చుట్టూ ఎర్రటి గీతలు. నేను గ్లాసు పట్టుకుని నీళ్లు తాగించాను. తాగింది గానీ నా ముఖం చూడలేదు.

"అక్కా, ఒక మాట చెప్త. ఫోన్ చేసుకునే హక్కు నీకున్నది. ఎవలకు చేస్తవో నీ ఇష్టం. వకీలును పిలిపించుకునే హక్కు గూడ ఉన్నది. నువ్వు అడిగితే నేను ఇయ్యాలె. అడగకముందే చెప్పాలె."

అప్పుడు చూసింది. "నా ఫోన్ ఇయ్యి," అంది.

రోగుల ఫోన్లన్నీ నర్సుల టేబుల్ వెనక బీరువాలో ఉండేవి. డ్యూటీలో ఉన్నవాళ్ల దగ్గర తాళం చెవి ఉంటుంది. దొంగతనంగా ఇవ్వలేదు. అందరూ చూస్తుండగా తీసి ఇచ్చాను, ఇచ్చానని రాశాను. ఆమె ఫోన్ చేసింది అన్నకు కాదు. తాను దండలు గుచ్చే ముత్యాల దుకాణం పెద్దాయనకు. చాచా అని పిలిచేది ఆయనను.

"చాచా, మై బోల్‌రీ. ముజే బంద్ కర్‌కే రఖే. ఘర్ జానా బోలే తో నై ఛోడ్‌రే," అంది. నన్ను బంద్ చేసి పెట్టారు, ఇంటికి పోతానంటే వదలడం లేదు అని చెప్పింది. ఏడవలేదు. అవతల ఆయన ఏమన్నాడో గానీ, "హౌ చాచా, హౌ," అని ఒప్పుకుని పెట్టేసింది.

ఆ మధ్యాహ్నమే ఆయన వచ్చాడు. తెల్ల గడ్డం, చేతికర్ర, మెట్లెక్కలేని మోకాళ్లు. వెంట వాళ్ల గల్లీలో ఉండే ఒక వకీలమ్మ. నన్ను కిందికి పిలిచారు. డాక్టర్ గదిలో ఇన్‌చార్జ్ సిస్టర్ ముందే ఉంది.

"మీరు ఆమెకు ఏమవుతారు?" అని డాక్టర్ అడిగాడు.

"ఖూన్ కా రిష్తా తో నై సాబ్," అన్నాడు పెద్దాయన. తర్వాత మాకందరికీ తెలియాలని తెలుగులోకి వచ్చాడు. "నేను సొంత మనిషిని కాదు. మా దుకాణంల పని చేస్తది. మగర్ ఫోన్ జేసి రమ్మన్నది. పిలిస్తే రావాలె గద."

"ఫ్యామిలీకి మాత్రమే వివరాలు చెప్తాం."

"వివరాలు మాకొద్దు సార్," అంది వకీలమ్మ. "ఆమెను కిందికి పిలవండి. ఉంట అంటదో పోత అంటదో ఆమెనే చెప్తది. పోత అన్నంక గూడ ఎందుకు ఆపిన్రో మీరు చెప్పాలె."

డాక్టర్ కేస్ షీట్ తిప్పి, ఇన్‌చార్జ్ సిస్టర్ రాసినంత వరకే చూపించాడు. వయొలెంట్, స్టాఫ్ మీద చెయ్యి, తల పగలగొట్టుకుంటానంది. వకీలమ్మ చదివింది. "ఎవరు చూసిన్రు ఇది?"

"నేను," అంది ఇన్‌చార్జ్ సిస్టర్.

"ఇంకెవరన్న ఉన్నరా అక్కడ?"

డాక్టర్ నా వైపు చూశాడు. ఆ చూపులో బెదిరింపు కూడా లేదు. నేను ఆయన చెప్పిందే చెప్తానన్న నమ్మకం ఉంది. బెదిరించి ఉంటే నాకు అంత కోపం వచ్చేది కాదేమో.

"నేనున్నా," అన్నాను. "ఆమె ఎవరి మీదా చెయ్యి లేపలేదు. తల కొట్టుకుంటా అనలేదు. గ్రిల్ పట్టుకుని ఊపింది. అరిచింది. ఇంటికి పోతానంది. అంతే."

ఇన్‌చార్జ్ సిస్టర్ కిటికీ బయటికి చూస్తోంది. డాక్టర్ కేస్ షీట్ మూసి, "తీసుకురండి ఆమెను," అన్నాడు.

ఆమె గోడ పట్టుకుని మెట్లు దిగి వచ్చింది. భుజాన అదే సంచి. వకీలమ్మ అడగకముందే, "పోత," అంది. డాక్టర్ మా సలహాకు వ్యతిరేకంగా వెళ్తోందని రాసి పంపించాడు.

బయట ఆటో దగ్గర పెద్దాయన అడిగాడు: "బేటీ, మా ఇంటికి రా. మా ఆమె ఉన్నది. రెండు దినాలు ఆరాం చెయ్."

"వద్దు చాచా. మా ఇంటికే పోత. అది మా నాయిన ఇల్లు. నేనెందుకు దాక్కోవాలె?" అని ఆటో ఎక్కింది. పోయేముందు నా వైపు చూసి తల ఊపింది. థాంక్స్ చెప్పలేదు. చెప్పాల్సిన పని కూడా లేదు.

రెండు మూడు రోజుల తర్వాత వాళ్లన్న మా ఇంటికి వచ్చాడు. నేను లోపల గదిలో బట్టలు మడత పెడుతున్నాను. బాపు కుర్చీ వేశాడు. ఆయన కూర్చోలేదు.

"మీ అమ్మాయి మా ఇంటి పరువు బజార్ల పెట్టింది. వకీళ్లు, పరాయి మనుషులు... ఇది మా ఇంటి లోపలి ముచ్చట. చెల్లె మీద నాకు ప్రేమ లేదనుకుంటున్నరా? ఇన్నేండ్లు చూసుకున్నది ఎవలు?"

ఆ మాటల్లో నటన లేదు. ఆ ప్రేమను నేను కాదనను. కానీ ప్రేమున్నంత మాత్రాన తాళం చెవి చేతికొస్తుందా?

"పంతులుగారూ," అన్నాడు బాపు, "నా బిడ్డ దవాఖాన ముచ్చట్లు ఇంట్ల చెప్పది. మీ చెల్లెకు ఏమైందో నాకు తెల్వది. మీరు చెప్తేనే ఇప్పుడు తెలిసింది."

ఆయన చెప్పులు తొడుక్కుని వెళ్లిపోయాడు. తలుపు వేసి వచ్చి బాపు నా ముందు మోకాళ్లు పట్టుకుని కూర్చున్నాడు. "నువ్వు చేసింది తప్పని నేనంట లేను. మగర్ నాకు భయమైతుంది. మానెయ్ గా నౌకరీ."

మానేసే అవసరం రాలేదు. మర్నాడే నా చేతిలో కాగితం పెట్టారు. రోగులను రెచ్చగొట్టాను, పైవాళ్ల మాట వినలేదు, కాబట్టి రావద్దు. రెచ్చగొట్టడం! నీకు ఫోన్ చేసే హక్కుందని ఒక మనిషికి చెప్పడానికి వాళ్ల భాషలో పేరు అది. ఆ రోజు ఇంటికి నడిచొస్తూ, గాజుల దుకాణాల మధ్య, చీరల బేరాల మధ్య, ఆటోల హారన్ల మధ్య నాలో నేనే గట్టిగా మాట్లాడుకుంటున్నానని గమనించాను. ఎవరో తిరిగి చూశారు. చూడనీ అనుకున్నాను. కోపమొచ్చి రోడ్డు మీద మాట్లాడుకుంటే నన్ను కూడా కట్టేస్తారా?

ఆమె, వకీలమ్మ కలిసి ఫిర్యాదు పెట్టారు. ఇలాంటివి విచారించడానికి ఉన్న బోర్డు వాళ్లు ఆస్పత్రికి వచ్చారు. నన్నూ పిలిచి అడిగారు. చూసింది చెప్పాను. చివరికి ఆస్పత్రికి హెచ్చరిక ఇచ్చారు. రోగులకు ఫోన్ అందుబాటులో పెట్టాలన్నారు, కట్టేయడం మీద లెక్క చెప్పాలన్నారు. కింద గోడ మీద హక్కుల బోర్డు వేశారట, తెలుగులో, ఉర్దూలో. డాక్టర్ అదే గదిలో అదే కుర్చీలో ఉన్నాడు. ఇన్‌చార్జ్ సిస్టర్ ఇన్‌చార్జ్‌గానే ఉంది. ఉద్యోగం పోయింది నాకు ఒక్కదానికే.

నాకు కొన్నాళ్లకు సర్కారు దవాఖానలో కాంట్రాక్టు మీద పని దొరికింది. అక్కడా మంచాలు చాలవు, మనుషులు చాలరు. అరవాల్సినవి చాలా ఉన్నాయి. అరుస్తూనే ఉన్నాను.

నిశ్చితార్థం సంగతి ఆమే చెప్పింది. ఒక సాయంత్రం చార్మినార్ దగ్గర దుకాణం మెట్ల మీద నన్ను చూసి లోపలికి పిలిచి చాయ్ తెప్పించింది. నిశ్చితార్థం అనుకున్న రోజునే, అనుకున్న ఇంట్లోనే జరిగిందట. అన్న ఆమెను లోపలి గదిలో ఉండమన్నాడట. మేనకోడలే చెయ్యి పట్టుకుని తెచ్చి తన పక్కన కూర్చోబెట్టుకుంది. పెళ్లికొడుకు తల్లి అడిగిందట, ఈమె ఎవరు, బక్కగున్నది, ఒంట్లో బాగలేదా అని. మేనకోడలు చెప్పిందట: "మా అత్త. పానం మంచిగ లేకుండె, దవాఖానకు పోయింది. ఇప్పుడు మంచిగున్నది. గోలీలు ఏసుకుంటది." ఆ తల్లి, "మా అక్కకు గూడ గట్లనే ఉంటది," అని తాంబూలం పళ్లెం ఆమె చేతికి ఇచ్చిందట.

అంతే! ఏ లొల్లీ జరగలేదు. సంబంధం చెడలేదు. ఇది విని నేను సంతోషించాలి. సంతోషించాను కూడా. కానీ చాయ్ కప్పు తాగకుండానే కింద పెట్టేశాను. ఆ అమ్మాయి నోటి నుంచి వచ్చిన రెండు మాటలు చెప్పలేక ఇంతమంది పెద్దవాళ్లు కలిసి ఒక మనిషిని మంచానికి కట్టారు.

"అన్న తోటి మాట్లాడుతున్నవా అక్కా?" అని అడిగాను.

"మాట్లాడుత. ఒక్క ఇంట్లుండి మాట్లాడకుంటే ఎట్ల?" అంది. "మగర్ ఆయన పెట్టిన పులిహోర తింట లేను."

ఇద్దరం నవ్వాం. ఆ నవ్వులో కూడా కోపమే ఉంది.

ఇంకోసారి జబ్బు మొదలైతే ఏం చేస్తావని అడగాలనుకున్నాను, అడగలేకపోయాను. తనే చెప్పింది. "మళ్ల వస్తే మాత్రం నా అంతట నేను పోను చెల్లే. భయమైతది." ఆమెకు ఆ ఆస్పత్రి చేసిన అసలు నష్టం ఇదే. మణికట్ల మీద గీతలు ఎప్పుడో పోయాయి. తనంతట తాను వచ్చే ధైర్యం పోయింది. దాన్ని ఏ బోర్డు తిరిగి ఇప్పిస్తుంది? నేను పనిచేసేచోటికి రమ్మన్నాను, నేనుంటానన్నాను. తల ఊపింది గానీ నమ్మినట్టు అనిపించలేదు. నా మాట ఒకసారి నమ్మిన మనిషి కదా.

మొన్న బస్‌స్టాపులో ఇన్‌చార్జ్ సిస్టర్ కనిపించింది. తనే దగ్గరికి వచ్చింది. జుట్టు బాగా నెరిసింది.

"ఇంకా కోపమేనా నా మీద?"

"కోపమే సిస్టర్."

"ఆ నౌకరీ పోతే నా ఇల్లు ఎట్ల గడుస్తదనుకున్నవ్? నీకు వెనక బాపు ఉన్నడు, పింఛన్ ఉన్నది. నాకెవలున్నరు?"

నిజమే. కానీ నేను అడగాలనుకున్నది అడిగేశాను.

"ఆమె చెయ్యి లేపిందా సిస్టర్?"

ఆమె రోడ్డు వైపు చూసింది. "గిప్పుడు అదంత ఎందుకు? అందరు గట్లనే రాస్తరు."

"మీరు రాయరని అనుకున్న," అన్నాను.

బస్సు వచ్చింది. ఎక్కేముందు నా భుజం మీద చెయ్యి వేయబోయింది. నేను పక్కకు జరిగాను. ఆమె ఎక్కింది, బస్సు కదిలింది. నా బస్సు రావడానికి ఇంకా టైముంది. ఎండలో నిలబడే ఉన్నాను.